‘కుదరదు’ అన్నవాడిని బెంచ్ మీద కూర్చోబెట్టకండి

హైదరాబాద్‌లోని కన్సల్టింగ్, ఐటీ కంపెనీల యాజమాన్యాలకు, డెలివరీ హెడ్‌లకు, హెచ్‌ఆర్ పెద్దలకు,

నమస్కారం.

1998లో సైబర్ టవర్స్ తెరిచిననాటికి మాదాపూర్ దారిలో బండరాళ్ళు, తుప్పలు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఇవాళ రాయదుర్గం మెట్రోలో దిగి ఏ వైపు చూసినా అద్దాల మేడలే. అందులో మీ కష్టం ఉంది, కాదనను. పొగడ్త ఇంతటితో చాలు. మీకూ టైం లేదు, నాకూ తొమ్మిదింటికి కాల్ ఉంది.

నేను 19 ఏళ్ళుగా కన్సల్టింగ్ పనిలో ఉన్నాను. జర్మనీ, జపాన్, అమెరికా, సౌదీ క్లయింట్లతో పనిచేశాను. కొన్నిచోట్ల మెప్పు పొందాను, కొన్నిచోట్ల చీవాట్లు తిన్నాను. ఇక్కడ రాస్తున్న సంగతులనే జూన్‌లో మా పైవాళ్ళకు మెయిల్ చేశాను. ‘మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది’ అని జవాబు వచ్చింది. ఆగస్టులో మళ్ళీ రాశాను. ఈసారి సర్వే లింకు వచ్చింది, ఐదు నక్షత్రాల్లో ఎన్నిస్తారని. నాలుగిచ్చాను, మొహమాటానికి. ఆ మొహమాటం గురించే ఈ బహిరంగ లేఖ.

ముందు జరిగింది చెప్తాను. ఫిబ్రవరి రెండో వారం, జర్మనీ క్లయింటుతో స్టేటస్ కాల్. మా టీంలో నల్గొండ వైపు కుర్రాడొకడు ఉండేవాడు. పాతికేళ్ళుంటాయి. పని ఎన్నాళ్ళు పడుతుందో లెక్క కట్టేది అతనే. మార్చి 31కి సిస్టం లైవ్‌కి, అంటే అసలు వాడకంలోకి, వెళ్ళదు, ఇంకో ఆరు వారాలు కావాలని మేనేజర్‌కు ముందే మెయిల్ పెట్టాడు. కాల్‌లో అవతలి పెద్దమనిషి సూటిగా అడిగాడు: “31కి అవుతుందా, అవదా?” కుర్రాడు నోరు తెరిచేలోపే చాట్‌లో ఒక మెసేజ్ పడింది. ‘ఎస్ అను, తర్వాత చూసుకుందాం.’ తొందరలో గ్రూపులో పెట్టేశారు కాబట్టి నాకూ కనబడింది. కుర్రాడు ఒక్క క్షణం ఆగి, “వియ్ విల్ ట్రై అవర్ బెస్ట్” అన్నాడు.

మన చెవికి అది ‘అవదు’ అనే. ‘ట్రై చేస్తానండీ’ అన్న మేస్త్రీ కోసం ఆదివారం పొద్దున ఎదురుచూసేవాళ్ళెవరూ ఈ ఊళ్ళో లేరు. ఆ జర్మన్ పెద్దమనిషి చెవికి మాత్రం అది ‘అవుతుంది’. మీటింగ్ మినిట్స్‌లో 31 అని రాసుకున్నాడు. ఏప్రిల్ మొదటి వారంలో తన గోదాము సిబ్బందికి శిక్షణ పెట్టుకున్నాడు. పాత సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఆపేస్తామని నోటీసు కూడా ఇచ్చేశాడు.

మార్చి 27న నిజం బయటపడింది. ఎస్కలేషన్, అంటే పైవాళ్ళ దాకా ఫిర్యాదు. ఆ జర్మన్ పెద్దమనిషి రాసిన మెయిల్‌లో ఆలస్యం గురించి ఒక్క లైనే ఉంది. మిగతాదంతా ఒకటే ప్రశ్న: ఫిబ్రవరిలోనే ఎందుకు చెప్పలేదు? అప్పుడే చెప్పి ఉంటే మేం సర్దుకునేవాళ్ళం కదా?

కుర్రాణ్ణి ప్రాజెక్టు నుంచి తీసేశారు. ఫైల్లో ‘కమ్యూనికేషన్ లోపం’ అని రాశారు. రెండు నెలలు బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ ఇవ్వకుండా, ఉంచి, యాస సరిచేసే తరగతికి పంపారు. ‘వీ’కీ ‘డబ్ల్యూ’కీ పెదాలు ఎలా పెట్టాలో అక్కడ నేర్పారట. ‘ఎస్ అను’ అని రాసినవారి ఫైల్లో ఏమీ ఎక్కలేదు.

నేనూ ఆ కాల్‌లో ఉన్నాను, మ్యూట్‌లో. బటన్ నొక్కి ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఈ లేఖకు సగం కారణం అదే.

ఇతర దేశాల వాళ్ళతో మన కన్సల్టెంట్లు ఎందుకు తడబడుతున్నారని మీరు ఏటా అడుగుతుంటారు. నేను చూసినంతలో సమస్య ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో టోక్యోలోనో మొదలవదు. గచ్చిబౌలిలో, కాల్‌కి ముందు మనం మనం మాట్లాడుకునే పదిహేను నిమిషాల్లో మొదలవుతుంది. వివరంగా చెప్తాను.

1. మీరు నేర్పిస్తున్నది. కొత్త ప్రాజెక్టు అంటే సగం పూట యాస, సగం పూట ‘కల్చర్’. కల్చర్ పూటలో ఒక స్లైడు తప్పకుండా ఉంటుంది. నెదర్లాండ్స్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడె దేశాలకిచ్చిన అంకెలు: పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పకపోవడంలో ఇండియాకు 77, జర్మనీకి 35. ఆ అంకెలు ఎక్కడివో మాత్రం ఎవరూ చెప్పరు. 1967, 1973 మధ్య ఐబీఎం ఉద్యోగులకు ఇచ్చిన ప్రశ్నపత్రాల నుంచి తీసిన సగటులు అవి. ఒకే కంపెనీ మనుషులు, యాభై ఏళ్ళ కిందటి మాట. దేశం మొత్తానికి ఒకటే అంకె. గుంటూరు మనిషికీ వరంగల్ మనిషికీ ఒకటే అంకె వేస్తే మనం ఊరుకుంటామా? ఒసాకా వాళ్ళు టోక్యో వాళ్ళకన్నా ముక్కుసూటిగా మాట్లాడతారని జపాన్ వాళ్ళే జోకులేసుకుంటారు. ఆ స్లైడు పనికిరాదని అనను, మాట మొదలుపెట్టడానికి బాగానే ఉంటుంది. కానీ దాన్ని జాతకచక్రంలా పట్టుకొని కాల్‌లో కూర్చుంటే ఎదురుగా ఉన్న మనిషి కనబడడు. ఇక యాస సంగతి. నా 19 ఏళ్ళలో యాస వల్ల పోయిన ప్రాజెక్టు ఒక్కటీ చూడలేదు. ఆలస్యంగా చెప్పిన ‘కుదరదు’ వల్ల పోయినవి నాలుగు చూశాను.

2. మనకు తెలిసినదాన్నే మనతో మరిపిస్తున్నారు. జపాన్ క్లయింటు ‘కెంతో షిమాస్’ అంటాడు. పరిశీలిస్తాం అని అర్థం. మన కుర్రాళ్ళు ఒప్పుకున్నాడనుకొని పనుల ట్రాకర్‌లో దానికి ఆకుపచ్చ రంగు వేస్తారు, మూడు వారాల తర్వాత ఫాలోఅప్ పెడతారు, జవాబు రాదు. ఇదే మాటను పెళ్ళి సంబంధం విషయంలో అవతలివాళ్ళు ‘చూద్దాం లెండి’ అని తెలుగులో అంటే మా అమ్మ కాఫీ కప్పులు తీస్తూనే ‘ఇది అయ్యేది కాదు’ అనేస్తుంది. మాటలో లేనిదాన్ని మొహంలో చదవడం మనకు పుట్టుకతో వచ్చింది. అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో దీనికి పేరు పెట్టి చెప్పాడు: కొన్ని సమాజాల్లో చెప్పాల్సినదంతా మాటల్లోనే ఉంటుంది, కొన్నిచోట్ల సందర్భంలో దాగి ఉంటుంది. మనం రెండో రకం, జపాన్ కూడా రెండో రకమే. ఇంగ్లీషు మాట్లాడటం మొదలుపెట్టగానే మన వాళ్ళు ఆ చెవిని ఇంట్లో పెట్టి వస్తున్నారు.

ఇంకో ముక్క. జపాన్‌లో ‘నెమావాషి’ అంటారు. చెట్టును వేరేచోట నాటేముందు వేళ్ళ చుట్టూ మెల్లగా తవ్వి సిద్ధం చేయడం అని దాని అసలు అర్థం. మీటింగ్‌కి ముందే ఒక్కొక్కరినీ విడిగా కలిసి ఒప్పించుకోవడాన్ని అలా పిలుస్తారు. మా దగ్గర దీన్ని పెద్ద విద్యలా గంటసేపు చెప్పారు. పెళ్ళిళ్ళ పేరయ్య చేసే పని అదే కదండీ! కట్నం, జాతకం, ఉద్యోగం, అన్నీ తెగాకే పెళ్ళిచూపులు. ఆ రోజు అమ్మాయి కాఫీ ఇచ్చి వెళ్ళడమే మిగులుతుంది. ఆ ఒక్క ముక్క చెప్తే మా వాళ్ళకు రెండు నిమిషాల్లో ఎక్కేది. ఎవరూ చెప్పరు, ఎందుకంటే శిక్షణ సరుకు బయటినుంచి కొన్నది.

3. మనం, మేము. ఇది చిన్నదిగా కనిపిస్తుంది, నా అనుభవంలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. తెలుగులో ‘మనం’ అంటే వినేవాడు కూడా లెక్కలోకి వస్తాడు, ‘మేము’ అంటే రాడు. ఇంగ్లీషులో రెండిటికీ ఒకే ‘వియ్’. మా టీం అమ్మాయి ఒకతె అమెరికా క్లయింటుకు “శుక్రవారంలోగా వియ్ నీడ్ టు క్లీన్ ద డేటా” అని రాసింది. ఆమె మనసులో ఉన్నది ‘మనం’. డేటా వాళ్ళది కాబట్టి ముఖ్యంగా మీరు అని. క్లయింటుకు అర్థమైనది ‘మేము’, అంటే కన్సల్టెంట్లు చూసుకుంటారు అని. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూశారు. శనివారం, ఆదివారం నలుగురు పిల్లలు ఆఫీసులో కూర్చొని ఆ డేటా శుభ్రం చేశారు, బిల్లింగ్ లేకుండా. అప్పట్నుంచి నేను మెయిల్‌లో ‘వియ్’ ఉన్నచోటల్లా పేరు రాయమంటాను. నా టీంలో నన్ను చాదస్తురాలు అనుకుంటారు, అనుకోనీ.

4. అంకెలు. ఈ తప్పు నాదే. జర్మనీలో వేలకు చుక్క, దశాంశానికి కామా పెడతారు. వాళ్ళ షీటులో 1.250 అంటే పన్నెండు వందల యాభై. మా వైపు సెట్టింగ్ ఇంగ్లీషులో ఉంది. నేను చూసుకోలేదు. గోదాములో 1,250 పెట్టెలున్నచోట సిస్టం ఒకటింబావు ఉందని చూపించింది. పాపం దాని పని అది చేసింది, సరుకు అయిపోయిందని మళ్ళీ ఆర్డర్ పెట్టేసింది. సోమవారం పొద్దున లారీ వచ్చి నిలబడితే దించడానికి చోటు లేదు. అక్కడి గోదాము మనిషి నాకు ఫొటో పంపాడు: తలుపు దాకా పెట్టెలు, వాటి ముందు నడుం మీద చెయ్యి పెట్టుకొని ఆయన. కింద ఒక్క మాట కూడా రాయలేదు. తేదీలూ అంతే, 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా వాళ్ళకు మార్చి 4. జర్మన్ వాళ్ళ ‘హాల్బ్ నోయ్న్’ అంటే ఎనిమిదిన్నర. దాన్నే వాళ్ళు ఇంగ్లీషులోకి తెచ్చి ‘హాఫ్ నైన్’ అంటే, బ్రిటిష్ వాళ్ళకు అది తొమ్మిదిన్నర. ఇవి సంస్కృతి తరగతిలో ఉండవు. ఉండాల్సినవి ఇవే.

5. గడియారం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు మూడు ఊళ్ళ కాల్ ఎవరి లెక్కలో వాళ్ళకు సరిగ్గానే ఉంటుంది, హైదరాబాద్‌లో వాడు మాత్రం గంట ముందో గంట వెనకో ఖాళీ తెర ముందు కూర్చుంటాడు. నవంబర్ దాకా న్యూయార్క్‌కీ మనకూ తొమ్మిదిన్నర గంటలు, ఆ తర్వాత పదిన్నర. సౌదీలో 2013 నుంచి వారం ఆదివారం నుంచి గురువారం దాకా. రియాద్ ఎనిమిదింటికి మనకు పదిన్నర. అంటే ఆదివారం ఆఫీసు. సరే, శుక్రవారం సెలవిస్తారా? ఇవ్వరు, ఇక్కడి మీటింగ్‌లన్నీ శుక్రవారమే పెడతారు.

జర్మనీ చట్టంలో ఒక రోజు పని ముగిసిన తర్వాత మర్నాటి పనికి మధ్య కనీసం 11 గంటల విశ్రాంతి ఉండాలి. ఒకసారి అక్కడి మేనేజర్ కాల్ మధ్యలో మామూలుగా అడిగాడు, “మీ దగ్గర ఇప్పుడు టైం ఎంత?” అని. రాత్రి పదకొండున్నర. ఆయన మొహం పాలిపోయింది. “ఎనిమిది నెలల నుంచి ఇదే టైం కదా, ఎవరూ చెప్పలేదేం?” అన్నాడు. మర్నాటి నుంచి కాల్ మధ్యాహ్నానికి మారింది. ఎనిమిది నెలలు! అడిగితే ఒక్క రోజులో పోయే బాధ అది. అడగకూడదని మన కుర్రాళ్ళకు చెప్పింది క్లయింటు కాదు, మనమే.

6. పేర్లు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఒకమ్మాయిని క్లయింటు ఆరు నెలలు ఆమె ఇంటిపేరుతోనే పిలిచాడు, అదే అసలు పేరు అనుకొని. ఆమె సరిదిద్దలేదు, బాగోదని. జపాన్ ‘సాన్’ మన ‘గారు’ లాంటిది. ఎదుటివారికి పెట్టాలి, మనకు మనం పెట్టుకోకూడదు. ‘నేను ఫలానా గారిని’ అని ఎవరైనా అంటే మనం నవ్వుతాం కదా, వాళ్ళూ అంతే. ఈ ఒక్క పోలిక చెప్తే చాలు.

7. ఇంట్లో. బెంచ్ మీద ఉన్న కుర్రాడికి ప్రతి సోమవారం కడుపులో టెన్షన్. ఎప్పుడు హెచ్‌ఆర్ పిలుపు వస్తుందో తెలీదు. బీటెక్‌కి చేసిన అప్పు ఇంకా తీరలేదు. నాన్న ఫోన్ చేసి ‘ఫారిన్ ఎప్పుడు పంపిస్తార్రా’ అని అడుగుతాడు. ఆన్‌సైట్, అంటే క్లయింటు దేశానికి వెళ్ళి పనిచేసే అవకాశం, పోయిందని చెప్పలేక ‘చూద్దాం నాన్నా’ అంటాడు. చూశారా, ఇంటికీ అదే జవాబు. రాత్రి కాల్‌ల వల్ల పిల్లల హోంవర్క్ చూడలేని తల్లులు నా టీంలోనే ముగ్గురున్నారు. ఫైల్లో ‘కమ్యూనికేషన్ లోపం’ పడితే తర్వాతి మేనేజర్ ఎవరూ ఆ మనిషిని అడిగి తీసుకోరు. ఆ మాట ఎందుకు పడిందో చదివే ఓపిక ఎవరికీ ఉండదు. నష్టం ఇక్కడితో ఆగదు. ఏప్రిల్ మొదటి వారంలో ఆ గోదాములో శిక్షణకని షిఫ్టులు మార్చుకున్న కూలీ మనుషులు ఉత్తపుణ్యానికి వచ్చి కూర్చొని వెళ్ళారు. వాళ్ళ మొహాలు మనమెవ్వరం చూడలేదు.

మొహమాటాన్ని నేను తిట్టడం లేదు. ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనన్న జంకు మంచి లక్షణమే, దానివల్లే మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా నాలుగు రోజుల్లో కలిసిపోతారు. కానీ అది పెట్టుకోవాల్సింది భోజనాల దగ్గర. గడువుల దగ్గర పెట్టుకుంటే అది అబద్ధం అవుతుంది. అవతలివాళ్ళు దాన్ని అబద్ధమనే అంటున్నారు, మన ముందు అనకపోయినా.

కాబట్టి అడుగుతున్నవి ఇవి.

1. గడువు కుదరదని ముందుగా రాతపూర్వకంగా చెప్పినవాళ్ళ మెయిల్ ప్రాజెక్టు ఫైల్లో ఉండాలి. అలా చెప్పినందుకు అప్రైజల్‌లో మార్కు తగ్గకూడదు. ఆ మెయిల్ చూసి కూడా క్లయింటుకు వేరే మాట చెప్పించినవారి పేరు కూడా అదే ఫైల్లో ఉండాలి.

2. గడిచిన ఏడాది కాలంలో ‘కమ్యూనికేషన్ లోపం’ అని రాసి ప్రాజెక్టుల నుంచి తీసేసినవారి ఫైళ్ళు తిరిగి తెరవండి. వాళ్ళు ముందు పెట్టిన మెయిళ్ళు కూడా చదవండి. తప్పు వాళ్ళది కాకపోతే ఆ వాక్యం కొట్టేయండి. నల్గొండ కుర్రాడి ఫైలుతో మొదలుపెట్టండి.

3. శిక్షణ ముందు మేనేజర్లకు, ఆ తర్వాతే కుర్రాళ్ళకు. చెప్పేవాళ్ళు ఆ దేశంలో, ఆ పనిలో ఉండి వచ్చినవాళ్ళై ఉండాలి. మన కంపెనీల్లోనే కావలసినంతమంది ఉన్నారు, క్యాంటీన్‌లో అడిగితే దొరుకుతారు. ఒక్క పూటతో ముగించకుండా, ప్రాజెక్టు మొదలైన ఆరు వారాలకు మళ్ళీ కూర్చోబెట్టండి. అప్పటికి అసలు ప్రశ్నలు పుడతాయి. ఆ తరగతిలో పెద్దవాళ్ళ ఎదురుగా ‘కుదరదు’, ‘నాకు తెలీదు, రేపు చెప్తాను’ అని బయటికి పలికించండి. మొదట్లో గొంతు పెగలదు. నాకూ పెగల్లేదు.

4. ప్రతి ప్రాజెక్టుకూ మొదటి వారంలోనే ఒక్క పేజీ కాగితం: తేదీ ఎలా రాస్తాం, దశాంశం ఎలా పెడతాం, ఎవరిని ఏ పేరుతో పిలవాలి, రెండు వైపులా సెలవులు ఎప్పుడు. మన సంక్రాంతి, దసరా కూడా అందులో ఉండాలి. క్లయింటు సంతకం కూడా తీసుకోండి. వాళ్ళు సంతోషంగా పెడతారు.

5. రాత్రి తొమ్మిది దాటిన కాల్ ఉంటే, ఆ టైం క్లయింటుకు తెలుసా లేదా అని డెలివరీ హెడ్ స్వయంగా అడగాలి. తప్పనిసరైతే వంతులు వేయండి. ఆదివారం పనిచేసిన టీంకి శుక్రవారం నిజంగా సెలవివ్వండి.

ఇందులో ఖర్చయ్యేది పెద్దగా ఏమీ లేదు. యాస తరగతికి ఇస్తున్న డబ్బులో సగం కూడా పట్టదు. జనవరి ఆఖరులోగా మూడు, నాలుగు, ఐదు మొదలుపెట్టండి. మొదటి రెండూ ఏప్రిల్ అప్రైజల్ ఫారాలు బయటికొచ్చేలోగా తేల్చండి. ఎందుకంటే ఆ ఫారాల్లో ఆ ఒక్క లైను మళ్ళీ కాపీ అవుతుంది.

జవాబు సర్వే లింకు రూపంలో పంపవద్దని మనవి. ఈసారి నక్షత్రాలు ఇవ్వను.

ఇట్లు,
ఒక కన్సల్టెంట్,
మణికొండ, హైదరాబాద్

(పేరు రాయనందుకు క్షమించండి. ఇంకా అదే ఆఫీసుకు వెళ్తున్నాను.)